మాత్రల మాట లేని సాక్ష్యం

జ్వరం వస్తే ఎందుకొచ్చిందని ఎవరూ నిలదీయరు. కాలు విరిగితే, ఎక్కడ పడ్డావని ఒక మాట అడిగి కట్టు కట్టిస్తారు. నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు మాత్రం మా ఊరు ఊరంతా పోలీసు స్టేషనై కూర్చుంది. కారణం చెప్పమంది. మొగుడు కొడతాడా? కొట్టడు. తాగుతాడా? తాగడు. పిల్లలు చదవరా? పెద్దది బాగా చదువుతుంది, చిన్నోడు ఫరవాలేదు. మరి అత్త ఏమన్నా రాచిరంపాన పెడుతోందా? ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరూ కాస్త ముందుకు జరిగేవాళ్ళు. అదీ లేదని చెప్పేసరికి ఉసూరుమని, మరి నీకేం రోగం అని లేచి పోయేవాళ్ళు. జబ్బు రావడం కన్నా దానికి కారణం చూపించలేకపోవడమే మా ఊళ్ళో పెద్ద తప్పు.

మాది వాకాడుకు అవతల, సముద్రం వైపు పల్లె. నా భర్త రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు. నేను ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. నా గొంతు బాగుంటుందని కాదు, గట్టిగా ఉంటుందని. అలాంటిదాన్ని మూడేళ్ళ కిందట, వానలు తగ్గిన రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున మంచం దిగలేకపోయాను.

కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. కానీ పళ్ళు తోముకోవడం పెద్ద పనైపోయింది. తల దువ్వుకోవడం రేపటికి వాయిదా, ఎల్లుండికి వాయిదా. ఏడుపు మాత్రం వాయిదా లేకుండా వచ్చేది. ఒకరోజు సూదిలో దారం ఎక్కకపోతే దానికోసం గంటసేపు ఏడ్చాను. ఇరవై ఏళ్ళుగా సూది పట్టుకుంటున్న మనిషిని. అన్నం చూస్తే కడుపు తిప్పేది. పిల్లలు దగ్గరికొస్తే, నాలాంటి తల్లి వీళ్ళకెందుకు అనిపించేది.

మా అత్తకు దీన్ని కనిపెట్టడానికి ఒక్క పూట చాలింది. "ఒళ్ళు బరువు" అని తేల్చేసింది. గుమ్మంలో నిలబడి, నాకు వినపడాలని గోడకు చెప్పేది. "ఎండ నడిమింటికొచ్చె, ఇంకా లేవలా. మా కాలంలో ఇట్టాంటి రోగాలు ఎరగం. వచ్చినా పండుకునేదానికి మాకు తీరికేడుండాది?"

ఊళ్ళో సూదిమందు వేసే ఆయన గ్యాసు అన్నాడు. రెండోసారి పోతే రక్తం తక్కువన్నాడు. వేడి చేసిందని ఒకామె సబ్జా నీళ్ళు తాగించింది. పక్కింటామె మా చర్చి మనిషే, మనకు దిష్టీ గిష్టీ లేవంటూనే తలుపు మూసి ఉప్పూ మిరపకాయలూ తిప్పింది, చివర్లో ఆమెన్ అని కూడా అంది. పాస్టరు అయ్యగారు మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. అన్నం సయించని మనిషికి ఉపవాసం చెప్పడంలో ఒక సుఖం ఉంది, ఆ మనిషికి ఏ కష్టమూ ఉండదు.

నన్ను ఏమీ అడగకుండా వదిలేసిన మనిషి ఒక్కతే. దారాలూ లైనింగు గుడ్డా నేను గూడూరులో ఒక సాయిబుగారి కొట్లో తెచ్చుకుంటాను. కొట్లో కూర్చునేది ఆయన భార్య. మా ఆయన బలవంతం మీద ఒకరోజు సరుకు తెచ్చుకుందామని పోయి, ఏ రంగులు కావాలో చెప్పలేక ఆమె బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఆమె నాకు స్టూలు వేసి, టీ తెప్పించి, తన సంగతి మొదలుపెట్టింది.

"మా ఇంటాయనకు రెండేళ్ళు ఇట్టనే అయింది అక్కా. ఆయనకు ఏడుపు రాలా, కోపమొచ్చేది. బేరానికొచ్చిన వాళ్ళ మీద కత్తెర ఇసిరేసినాడు ఒకసారి. మేమంతా కొవ్వు పట్టిందనుకున్నాం. నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది, అది కూడా ఈ జబ్బేనంట. మగోళ్ళకి కొంతమందికి అట్ట వస్తదంట."

బిల్లు వెనక ఆ డాక్టరమ్మ ఉండే చోటు రాసిచ్చింది. నేనూ మా ఆయనా ఆ వారమే పోయాం.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. నిద్ర, ఆకలి, ఎన్నాళ్ళుగా, దేని మీదైనా ఇష్టం మిగిలిందా, అన్నీ అడిగింది. కాఫీయా టీయా అన్నంత మామూలుగా, చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగింది. అలా అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. చావాలని లేదుగానీ పొద్దున మెలకువ రాకపోయినా ఫరవాలేదనిపిస్తోంది అన్నాను. పక్కనున్న మా ఆయన కుర్చీ కిర్రుమంది. ఆమె ఆ మాట రాసుకుంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. డిప్రెషన్ అంటే ఒకటే రకం కాదట. నాకు వచ్చినట్టు మనిషిని పడుకోబెట్టేది ఒకటి. కాన్పు తర్వాత వచ్చేది ఒకటి, బిడ్డను చూసి సంతోషపడాల్సిన వేళ తల్లికి లోకమంతా నల్లగా కనపడుతుంది. కొందరికి కొన్నాళ్ళు ఇలా కుంగిపోయి, కొన్నాళ్ళు నిద్రే అక్కర్లేనంత హుషారు పుడుతుంది, దానికి మందు వేరు. ఇంకొకటి సన్నగా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, చూసేవాళ్ళు అది ఆ మనిషి గుణమే అనుకుంటారు. కారణం ఉండీ రావచ్చు, లేకుండానూ రావచ్చు. మాత్రలు రాసింది. రెండు మూడు వారాల దాకా గుణం కనపడదని, కనపడ్డాక సొంతంగా మానెయ్యకూడదని చెప్పింది. ఈ చివరి మాట మా ఆయన తలూపుతూ విన్నాడు, నేనూ ఊపాను. తలలు ఊపడానికి ఏముంది.

తిరుగు బస్సులో నాకు నవ్వొచ్చింది, చాన్నాళ్ళ తర్వాత. ఏళ్ళ తరబడి ఉండే రకం గురించి వినగానే మా ఊళ్ళో సగం మంది కళ్ళ ముందు నిలబడ్డారు. మనిషిని చూసి కొలత చెప్పేసే అలవాటు నాది, ఒక్కొక్కరికీ ఒక్కో రకం కేటాయించుకుంటూ కూర్చున్నాను. గూడూరు దాటాక మా ఆయన కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"నేనేమన్నా చేసినానా?"

ఇంత విన్నాక కూడా ఆయనకు కారణమే కావాలి. కానీ ఊరివాళ్ళు అడిగినప్పటిలా నాకు ఒళ్ళు మండలేదు. ఆయన భయపడ్డాడు. లేదని చెప్పి చెయ్యి పట్టుకున్నాను.

మాత్రలు పనిచేశాయి. నెలకల్లా పళ్ళు తోముకోవడం మళ్ళీ పళ్ళు తోముకోవడమే అయింది. రెండో నెలలో మిషను ఎక్కాను, చర్చిలో పాట ఎత్తుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు. మా చర్చిలో జబ్బు తగ్గినవాళ్ళు సాక్ష్యం చెప్పకుండా తప్పించుకోలేరు. లేచి నిలబడి, దేవుడు నాకు ఇలా మేలు చేశాడని చెప్పాలి, అందరూ స్తోత్రం అనాలి. మూడు శుక్రవారాలు నా కోసం పస్తులున్న ఆడవాళ్ళు మరి, వాళ్ళకు దక్కాల్సింది దక్కాలి కదా.

శనివారం అయ్యగారు ఇంటికొచ్చి ఏం చెప్పాలో మాట్లాడుకుందాం అన్నారు. నెల్లూరు, డాక్టరమ్మ, మాత్రలు అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"మాత్రలు ఏసుకోవద్దని నేననను తల్లీ. అది చెప్పాల్సిన పనేముందని అంటుండా. వినేవాళ్ళ విశ్వాసం చెదురుద్ది. మహిమ మాత్రకు పోద్ది."

ఆయన మూడు పూటలా టిఫినుకూ భోజనానికీ ముందు షుగరు మాత్ర వేసుకుంటారు. దానివల్ల ఎవరి విశ్వాసమూ చెదరలేదు. ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ కావాల్సింది అదే. మతి చెడిందట, నెల్లూరులో మందు వాడుతోందట అనిపించుకోవడం కంటే, ప్రార్థనతో లేచింది అనిపించుకోవడం ఎంత గౌరవం. ఆదివారం లేచి నిలబడి, దిగులనే చీకట్లో ఉన్నదాన్ని దేవుడు లేపాడని కన్నీళ్ళతో చెప్పాను. అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాను. జాకెట్టుకు ఒక చెయ్యి మాత్రమే కుట్టి ఇచ్చినట్టు. స్తోత్రాలతో చర్చి మారుమోగింది.

ఆ తర్వాత మాత్ర వేసుకోవడం దొంగతనమైపోయింది. పక్కింటామె ఒకరోజు నా చేతిలో మాత్రల అట్ట చూసి, "ఇంకా మింగతనే ఉండావా? సాక్ష్యం చెప్పినావే" అంది. బాగుపడ్డానని అంతమంది ముందు చెప్పి మాత్ర మింగితే నేను దొంగ సాక్షిని. మింగకపోతే చెప్పింది నిజమవుతుంది. నా తెలివి ఇంత చక్కగా పనిచేసి, ఉన్న మాత్రలు బాత్రూములో పారేయించింది. మా ఆయన అడిగితే, డాక్టరమ్మే ఫోనులో చాలంది అన్నాను. ఇది మాత్రం పూర్తి అబద్ధం.

రెండోసారి అది వేరే వేషంలో వచ్చింది. ఏడుపు లేదు. మంచం మీద పడిపోవడం లేదు. లోపల ఏమీ లేకపోవడం, అంతే. కోడి కూయకముందే మెలకువ వచ్చేది. లేచి మిషను ఎక్కేదాన్ని. సంచుల్లో నెలల తరబడి మూలుగుతున్న జాకెట్లన్నీ వరసగా తీసి కుట్టేశాను. ఫలానా రోజు ఇస్తానంటే ఆ రోజుకే, ఒక్కోసారి ముందే ఇచ్చాను. ఇరవై ఏళ్ళలో నా చేత ఈ పని ఎవరూ చేయించలేకపోయారు. ఆడవాళ్ళు మురిసిపోయారు. అయ్యగారు వాక్యం చెబుతూ మధ్యలో నా పేరెత్తకుండా నన్నే చూపించి, విడుదల పొందిన మనిషి ఇలా ఉంటుంది అన్నారు. ఊరంతా నా ఆరోగ్యాన్ని హుక్కులతో సహా లెక్కపెట్టి తీసుకుపోయింది.

లోపల నేను చేస్తున్న పని వేరు. ఎవరి గుడ్డా నా దగ్గర ఉండిపోకూడదని సర్దుతున్నాను. నేను లేకుండా పోయాక మా ఆయన్ని ఎవరూ వచ్చి మా జాకెట్టేదని అడగకూడదు. బతకాలని లేదు నాకు. ఆ మాట ఎంత ప్రశాంతంగా వచ్చి కూర్చుందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

కనిపెట్టింది ఎవరంటే, ఒళ్ళు బరువని తేల్చిన మా అత్త. ఒక మధ్యాహ్నం బజారు నుంచి వచ్చి, చేతిలో సంచి కింద పెట్టకుండా నా మిషను ముందు నిలబడింది.

"ఏంది మే, మిగిలిన ముక్కలు గూడా తిరిగిచ్చేస్తుండావంట?"

అవునన్నాను. జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్క తిరిగివ్వడమనేది మా వృత్తిలోనే లేదు. అడిగినా ఇవ్వం, చాలీ చాలక కుట్టాం అంటాం. మా ఇంట్లో దిండు గలీబులూ చేతిగుడ్డలూ మా అత్త మందుల సంచీ, అన్నీ ఊరివాళ్ళ జాకెట్ల పుణ్యమే.

"పట్టుముక్కలు గూడా ఇచ్చినావంట. టయానికి కుట్టిస్తుండావు సరే, బుద్ధొచ్చిందనుకున్నా. ముక్కలెందుకిచ్చినావు?"

"వాళ్ళవే గదత్తా."

"ఇరవై ఏండ్లుగా నీవైనయి, ఇప్పుడు వాళ్ళవైనయా? ఏడికి పోతుండావు మే?"

నేను మిషను ఆపాను. అదే ఆమెకు చాలింది. సంచి కింద పెట్టి, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. కొడుక్కి ఫోను చేసి, ఉన్నఫళంగా రమ్మంది. ఆయన వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. మధ్యలో ఒక్కసారి, నా వైపు చూడకుండా, "నేను తిట్టిందానికేనా?" అంది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. కాదత్తా, కారణం లేదు, చావాలనిపిస్తోంది, అంతే అని చెప్పేశాను. లేచి వచ్చి నా తల నిమిరింది, ఆ పని ఆమెకు చేతకాదు, జుట్టంతా చెరిపేసింది.

సాయంత్రానికి ముగ్గురం డాక్టరమ్మ ముందున్నాం. నేను మొత్తం చెప్పాను. ఆమె కోప్పడింది. "తగ్గింది మాత్రల వల్ల, తగ్గిందని వాటినే పారేశారు. నేను ప్రార్థన మానెయ్యమని చెప్పానా? రెండూ చేసుకోవచ్చు కదమ్మా." నన్ను ఒక్కదాన్నే వదలొద్దని మావాళ్ళకు చెప్పి, మళ్ళీ మాత్రలు మొదలుపెట్టింది, వారం వారం రమ్మంది.

అప్పట్నుంచి మాత్రలు మా అత్త చేతిలోకి పోయాయి. పొద్దున టిఫిను కాగానే ఇచ్చి, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. బయటికి మాత్రం పొక్కనివ్వొద్దంది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ప్రాణం నిలబడింది, సాక్ష్యమూ నిలబడింది, ఇంకేం కావాలి అనుకున్నాను. నా గొంతుకు మళ్ళీ కొంచెం బలం రావడానికి రెండు నెలలు పట్టింది.

ఒక గురువారం, మా చర్చికే వచ్చే ఒకామె తన కోడల్ని జాకెట్ల కొలతకు తీసుకొచ్చింది. ఆ పిల్లకు కాన్పై ఏడు నెలలు. టేపు చుట్టి చూస్తే, సీమంతానికి ముందు కొలత కన్నా ఎంతో తగ్గిపోయి ఉంది. చంటిబిడ్డ తల్లి కరిగిపోయి ఉండటం చూసి, ఒంట్లో బాగుండలేదా అన్నాను. జవాబు ఆ పిల్ల అత్త చెప్పింది.

"బిడ్డ పుట్టినాక దిగులు పట్టుకునింది మే. ఎత్తుకోను అనేది, ఏడుస్తా ఉండేది. నెల్లూరులో మాత్రలు రాసిచ్చినారు. నీ సాక్ష్యం విన్నాక మాన్పించేసినా. మా ఇంట్లో రోజూ నీ మాటే చెప్పుకుంటాం."

ఆ పిల్ల నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, ముందే జాకెట్లు ఇచ్చిన రోజుల్లో నేనూ అదే నవ్వు నవ్వాను. అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. డాక్టరునొకసారి అడగండి అని మాత్రం గొణిగాను. "నువ్వడిగినావా?" అంది ఆమె ఎంతో అభిమానంగా. వాళ్ళు వెళ్ళిపోయారు. నా పరువు కోసం నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఊరిని వెక్కిరించానే, ఊళ్ళో ఎవరూ ఇంత నీచమైన పని చెయ్యలేదు.

రెండు రోజులు మా అత్తతో వాదించాను. వాళ్ళింటికి పోయి చెవిలో చెప్పి రమ్మంది. చెవిలో చెబితే ఆ ఒక్క ఇంటికే తెలుస్తుంది, ఇంకా ఎన్ని ఇళ్ళలో ఎవరు మానేశారో మనకు తెలుసా అన్నాను. ఆదివారం ఆమె కూడా ముందు వరసలో వచ్చి కూర్చుంది.

సాక్ష్యాలున్నాయా అని అయ్యగారు అడగ్గానే లేచాను. ఆయన ముఖం వెలిగింది, పాపం.

"పోయినసారి నేను సగమే చెప్పినా. నేను లేచింది మాత్రలతో. ప్రార్థన కూడా చేసినాను, మీరూ చేసినారు, మీ రుణం తీర్చలేను. కానీ మాత్రల సంగతి సిగ్గుపడి దాచినా. దాచినదాన్ని నిజం చేసేదానికి మాత్రలు పారేసినా. పారేసి చావబోయినా. మీకు జాకెట్లు తొందరగా వచ్చింది అందుకే."

"సంతోషం తల్లీ, కూర్చో" అన్నారు అయ్యగారు.

"ఇంకా అవలేదయ్యగారూ. ఇప్పుడు రోజూ మాత్ర ఏసుకుంటుండా, మీరు షుగరుకు ఏసుకున్నట్టే. నా మాట విని మాత్రలు మానినోళ్ళు ఎవరన్నా ఉంటే, నేను మిమ్మల్ని మోసం చేసినా. డాక్టరు దగ్గరికి పోండి. నన్ను తోడు రమ్మంటే వస్తా."

స్తోత్రం రాలేదు. మా అత్త ఒక్కతే స్తోత్రం అంది, అదీ ఎవరినో తిట్టినట్టు. ఆరాధన ముగిశాక ఎవరూ నాకు వందనాలు చెప్పలేదు. చెప్పులు వేసుకుంటుంటే ఆ పిల్ల అత్త జనాన్ని తోసుకుంటూ నా మీదికొచ్చింది. తిడుతుందనుకుని నిలబడ్డాను, తిట్టాల్సిందే కూడా.

"నిన్న బిడ్డను తెచ్చి నా మంచం మీద పడుకోబెట్టింది మే. ఇంక నువ్వే పెంచుకో అత్తా అనింది. నిద్రొస్తుండాదేమో, పోయి పండుకో అన్నా." నా చెయ్యి పట్టుకుంది. "రేపు నెల్లూరుకు మొదటి బస్సు ఎన్నింటికి?"

"రేపటిదాకా వద్దక్కా, ఇప్పుడే పోదాం" అన్నాను. "ఆ పిల్ల ఏది?"

కోడల్నీ బిడ్డనూ ఇంటి దగ్గర వదిలి వచ్చానంది. తోడు ఎవరూ లేరు. మా అత్తతో సహా ఆడవాళ్ళం ముగ్గురం ఇసకలో చెప్పులు వదిలేసి పరిగెత్తాం.

తలుపు తీసే ఉంది, బిడ్డ ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఆ పిల్ల వసారాలో కూర్చుని, బిడ్డ గుడ్డలన్నీ ఉతికి ఆరేసి తెచ్చి, ఒక్కొక్కటీ చక్కగా మడతపెడుతోంది. పక్కన కూర్చుని ఆమె చేతిలో గుడ్డ తీసేసి చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన ఆటో తెచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.